తడిక అవతలి చిలికా

రంభ రేవులో ఎక్కేటప్పుడే చెప్పాడు బిపిన్ జెనా,
గదుల తాళాలు పంచే కుర్రాడు,
సగం ఒడియా, సగం మన తెలుగు కలిపి:
"గోడకి పెట్టె ఉంది మావుసీ, అందులో మాట వస్తుంది.
బాల్కనీలో కూర్చుంటే వినబడదు.
తలుపు తీస్తే పక్కవాళ్ళకీ వినబడుతుంది.
మరి మీ ఇష్టం."

మీ ఇష్టం అన్నాక ఆగుతానా?
బరంపురం కోర్టులో ముప్పయ్యొక్క ఏళ్ళు
పేర్లు మూడేసిసార్లు పిలిపించిన దాన్ని,
ఒక్క మాట జారిపోయినా
ఫైల్లో కాగితం చిరిగినట్టుంటుంది నాకు.
టికెట్టులో సగం ఈ మాటలకే కదా అని
తలుపు బార్లా తీసి
సౌండు మర చివరికంటా తిప్పాను.

"మీ ఎడమచేతి వైపు" అంది పెట్టె.
ఎడమకి తిరిగేసరికి దిబ్బ వెనక్కి పోయింది.
"అదుగో రాజావారి పాత బంగళా" అంది.
అక్కడో వల ఆరేసిన గెడ, దానిమీద నీటికాకి.
చరిత్ర ఒక మలుపు ఆలస్యంగా నడుస్తోంది,
అయినా తలూపుతూనే ఉన్నాను
హరికథలో ముందువరస మనిషిలా.

అప్పుడు, రెండు బాల్కనీల మధ్య వెదురు తడిక మీద
చప్పుడు.
తట్టడం కూడా కాదు, గోటితో గీరినట్టు.
"అమ్మా, ఏటనుకోకండి.
కూసింత తగ్గిస్తారేటి?
మా అన్నకి నీరు ఇనబడతా నేదు."

నీరు వినబడకపోవడమేమిటి, చుట్టూ నీరే అయితే?
కోపం ముక్కు చివరకొచ్చింది.
మర సగం తిప్పాను.
అలిగి, మిగతా సగం కూడా తిప్పేశాను.

పెట్టె నోరు మూశాక
మొదట ఇంజను మిగిలింది.
తరవాత ఇంజను కింద ఇంకేదో.
ఆ తరవాత తడిక అవతల ఒక గొంతు,
ఎండువల నలిపినట్టు పొడిగా:

"ఇక్కడ మొలలోతే, దానయ్యా.
అలలు పొట్టిగా కొట్టుకుంతన్నాయి.
కింద నాచు. లాంచీ అడుగు దువ్వుకుంతంది, ఇను.
ఇప్పుడు కుడికి తిప్పుతాడు.
తిప్పకపోతే ఇసక తగుల్తాది."

లాంచీ కుడికి తిరిగింది.
పొద్దున తమ్ముడి భుజం పట్టుకుని
పలక ఎక్కిన మనిషి గుర్తొచ్చాడు.

"పిట్టల కంపొస్తంది. దిబ్బ దగ్గరకొచ్చినట్టే."
కళ్ళద్దాలు తుడుచుకుని చూద్దును కదా,
ఎండిన రెట్టతో తెల్లబడ్డ దిబ్బ,
వెయ్యి మెడలు.
పెట్టె అయితే ఇంకా రాజావారి దగ్గరే ఉండేదేమో.

"మన పడవ మునిగిందెక్కడ, అన్నా?"
"ఉష్. దాని మీదనుంచే పోతన్నాం."

ఆ కాసేపు ఇద్దరూ మాటాడలేదు.
గ్లాసు కింద పెట్టబోయి
చెంచా చప్పుడవుతుందని ఒళ్ళోనే పట్టుకున్నాను,
టీ మీద పొర కట్టేదాకా.

అయినా వాళ్ళ మాటలు వినడం తప్పే.
బోనెక్కని మనిషి మాట రాసుకోకూడదు.
లేచి లోపలికి పోవాలి.
లేస్తే కుర్చీ కిర్రుమంటుంది,
కిర్రుమంటే ఆయనకి నీరు తెగిపోతుంది.
పోకపోతే దొంగతనం.
అలా సగం లేచి, సగం కూర్చుని,
మోకాళ్ళు తిడుతుంటే పడుతూ ఉన్నాను.

గాలి దక్షిణానికి మళ్ళింది.
ఆయనే అన్నాడు, మాట తడిక వైపు విసిరి:
"పక్కన ఎవులో ఊపిరి బిగబట్టి ఇంతన్నారు.
ఎందుకొచ్చిన బాద, కూకోమను.
నానే కూసింత గట్టిగా సెప్తాను."

కూర్చున్నాను. కుర్చీ కిర్రుమంది.
అవతల నవ్వు.
"సూడండమ్మా, మీ ఎడమసేతి వైపు…"

తిరిగాను.
ఇంకా ఏమీ లేదక్కడ.